ఫారంలో లేని ప్రశ్న

నిన్న పాత పెట్టె సర్దుతుంటే పీహెచ్‌డీ నాటి సర్వే ఫారాలు దొరికినయ్. అంచులకు మిర్చి దుమ్ము ఇంకా అంటుకునే ఉంది.

2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ మొదలైంది, అంటే మార్కెట్ యార్డుల్లో పంటను ఆన్‌లైన్‌లో అమ్ముకునే జాతీయ వేదిక. రైతులు దాన్ని వాడతరా లేదా అని అడుగుతూ ఆ తర్వాత రెండు సీజన్లు వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో బస్తాల మధ్యే తిరిగిన. చేతిలో పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించిన నమూనా: కొత్త టెక్నాలజీ పనికొస్తుందనిపించాలి, వాడటం తేలికనిపించాలి, అప్పుడే మనిషి దాన్ని ముడతాడు. ఫారంలో ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. సమాచార వ్యవస్థల పరిశోధనలో మాలాంటి ఎందరో దాంతోనే నడక నేర్చుకున్నరు.

పరకాల దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అన్నీ ఓపిగ్గా విన్నడు. "ధర ఫోన్ల కనవడుతది బిడ్డా, మంచిదే. మరి నడుమల మందులకు పైసలు అక్కరవడితే అడ్తి సేటు ఇస్తడు. ఫోన్ ఇస్తదా?"

నా ఫారంలో అప్పు గురించి ఒక్క ప్రశ్న లేదు! అడ్తి సేటు అంటే యార్డులో రైతు సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి. పంట చేతికి రాకముందే ఆయన దగ్గర తీసుకున్న అప్పు, సరుకు ఎవరి దగ్గర దించాలో తేల్చేస్తుంది. తెర మీది ధర ఆ తర్వాతి మాట. ఇది నాకు లైబ్రరీలో దొరకలే, ఆ బస్తా మీద కూర్చున్నప్పుడు తెలిసింది. ప్రశ్నలన్నీ మళ్లీ మొదటినుంచి రాసిన. ఆర్నెల్లు ఆలస్యమైంది.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే స్కాలర్లకు మొదటి నెల ఫారాలు ఇయ్యను. ఊరికే యార్డుకు పోయి కూర్చోమంటా. ఆ పెద్దాయన ఫారం మాత్రం వేరుగా తీసి బీరువాలో పెట్టుకున్న.