పెట్ స్కాన్‌లో వెలిగితే క్యాన్సరేనా?

పొట్ట స్కానింగ్‌లో గడ్డ ఉందనగానే ఇంట్లో సగంమంది క్యాన్సరని ఖాయం చేసేసుకుంటారు. అది పెట్ స్కాన్‌లో వెలిగిందని కూడా తెలిస్తే మిగతా సగంమందీ ఆశ వదిలేసుకుంటారు. నేను రేడియాలజిస్టుని, ఈ బొమ్మలు చదివి రిపోర్టు రాయడమే నా పని, కాబట్టి ఈ టెన్షన్‌ని దగ్గర్నుంచి చూస్తూనే ఉంటాను. ఇవాళ ఒకే ఒక్క గడ్డ గురించి రాస్తున్నాను. దాని పేరు ష్వానోమా. అరుదుగా అది పొట్ట వెనక భాగంలో వస్తుంది. అక్కడ వచ్చినప్పుడు స్కాన్ చూసినవాళ్లని బాగా భయపెడుతుంది, కానీ అది క్యాన్సర్ కాదు. ముక్క పరీక్ష రిపోర్టు వచ్చేదాకా దానికి ఎవరూ, నాతో సహా, క్యాన్సర్ పేరు తగిలించకూడదన్నదే నేను గట్టిగా చెప్పదలచుకున్నది.

కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మన నరాల మీద కూడా ఒక తొడుగు ఉంటుంది. ఆ తొడుగుని తయారుచేసేవి ష్వాన్ కణాలు, 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త థియోడోర్ ష్వాన్ పేరు మీద వచ్చిన పేరు అది. ఆ కణాల నుంచి పుట్టిన గడ్డే ష్వానోమా. మామూలుగా ఇది చెవి నుంచి మెదడుకి వెళ్లే నరం మీదో, మెడలోనో, చేతుల్లోనో కాళ్లలోనో వస్తుంది. పొట్ట వెనక వచ్చేవి మొత్తం ష్వానోమాల్లో నూటికి మూడుకి అటూ ఇటూ. చుట్టూ గట్టి పొర కట్టుకుని, చాలా నెమ్మదిగా, ఏళ్ల తరబడి పెరుగుతుంది. వేరే అవయవాలకి పాకదు. క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు.

పొట్ట వెనక అంటే పేగుల వెనక, వెన్నెముక ముందు ఉన్న జాగా. కిడ్నీలు, బృహద్ధమని, సోయాస్ అనే పొడుగాటి కండరం, దాని గుండా తొడలోకి దిగే నరాలు, అన్నీ అక్కడే ఉంటాయి. ఆ జాగాలో గడ్డ పెరగడానికి కావలసినంత చోటు ఉంది. చేతిలో అయితే చిన్న గడ్డ కూడా వెంటనే తడుముకుని చూసుకుంటాం, ఇక్కడ ఎనిమిది, పది సెంటీమీటర్లు పెరిగినా మనిషికి తెలియకపోవచ్చు. తెలిసినా ఏం తెలుస్తుంది? కాస్త నడుం నొప్పి, కడుపు బరువుగా ఉండటం, ఒక్కోసారి తొడ ముందు భాగంలో తిమ్మిరి. వీటికి మనవాళ్లు గ్యాస్ మాత్రలు వేసుకుంటారు, లేదంటే వయసు మీద పడిందనుకుంటారు. చివరికి కిడ్నీలో రాయేమో అని అల్ట్రాసౌండ్ తీయిస్తే ఇది బయటపడుతుంది.

మా దగ్గరికి ఒకావిడ వచ్చారు, యాభై దాటినావిడ, పొలం పనులు చేసుకునే కుటుంబం. కొడుకు చేతిలో బట్టల షాపు కవరు, దాని నిండా ఫిల్ములు. అల్ట్రాసౌండ్ ఒకచోట, సిటీ స్కాన్ ఇంకోచోట, పెట్ స్కాన్ మరోచోట. పెట్ రిపోర్టు చివర్లో "మాలిగ్నెన్సీ అనుమానం", అంటే క్యాన్సర్ అనుమానం, అని ఉంది. ఆ ఒక్క మాట కింద ఎవరో పెన్నుతో గీత గీశారు. అబ్బాయి నన్ను పక్కకి పిలిచి, "మేడమ్, అమ్మకి చెప్పలేదండీ, గడ్డ అని మాత్రమే చెప్పాం. ఎన్నాళ్లుంటుందో మాకు చెప్పండి చాలు" అన్నాడు. ముక్క పరీక్ష కూడా కాని గడ్డకి ఆయుష్షు లెక్క అడుగుతున్నాడు, పాపం. తప్పు అతనిది కాదు. రిపోర్టులో ఆ మాట పక్కన "ఇంకేమైనా కూడా కావచ్చు" అని ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆ కుటుంబం కొన్ని రాత్రులైనా నిద్రపోయేది.

ముందు సిటీ స్కాన్ సీడీ పెట్టుకుని కాలేయం దగ్గర్నుంచి కిందకి ఒక్కో స్లైసూ జరుపుకుంటూ వచ్చాను. ఎడమ కిడ్నీ ఉండాల్సిన చోటు కంటే ముందుకి వచ్చేసింది. ఇది చాలా ముఖ్యం. గడ్డ పేగుల్లోంచి వచ్చి ఉంటే కిడ్నీని ముందుకి తోయదు, వెనక నుంచి వచ్చినదే తోస్తుంది. కాబట్టి గడ్డ పుట్టిన చోటు వెన్నెముక పక్కనే అని తేలింది. గుండ్రంగా ఉంది, అంచులు కత్తితో కోసినంత శుభ్రంగా ఉన్నాయి, చుట్టుపక్కల వాటిని తోస్తోందే తప్ప వాటిలోకి చొరబడటం లేదు. కాంట్రాస్ట్, అంటే బొమ్మ తేటగా రావడానికి రక్తనాళంలోకి ఎక్కించే మందు, ఇవ్వకముందు కండరం కంటే కాస్త నల్లగా ఉంది, ఇచ్చాక కొన్ని చోట్ల మెల్లగా తెల్లబడింది, కొన్ని చోట్ల అసలు మారలేదు. మూత్రనాళం గడ్డ మీదుగా సాగిపోయి ఉంది, అందుకే పైన కిడ్నీ కాస్త ఉబ్బింది.

ఎమ్మారైలో ఇంకా బాగా తెలుస్తుంది. అందులో టీ-1, టీ-2 అని రెండు రకాల బొమ్మలు తీస్తారు. టీ-1 బొమ్మల్లో గడ్డ కండరం రంగులోనే ఉంది, టీ-2లో తెల్లగా మెరిసింది, కానీ ఆ తెలుపు ఒకేలా లేదు. ఎందుకలా ఉంటుందో తెలిస్తే ఈ గడ్డ స్వభావం సగం అర్థమైనట్టే. 1920లో నిల్స్ ఆంటోని అనే స్వీడన్ వైద్యుడు ఈ గడ్డల్లో రెండు రకాల అల్లిక ఉంటుందని వర్ణించాడు. ఒకటి కణాలు ఒత్తుగా, వరసలు కట్టి ఉండే భాగం, దాన్ని ఆంటోని-ఏ అంటాం. రెండోది కణాలు పలచగా ఉండి నీరు ఎక్కువున్న భాగం, అది ఆంటోని-బి. నీరు ఎక్కువున్న చోటు టీ-2లో తెల్లగా వెలుగుతుంది, ఒత్తుగా ఉన్న చోటు నల్లబడుతుంది. ఒక్కోసారి మధ్యలో నలుపు, చుట్టూ తెలుపు వచ్చి గురిచూసి కొట్టే పలక బొమ్మలా కనపడుతుంది, దాన్నే టార్గెట్ సైన్ అంటారు. అది న్యూరోఫైబ్రోమా అనే ఇంకో రకం నరం గడ్డలో ఇంకా ఎక్కువగా కనపడుతుంది, కాబట్టి ఆ ఒక్కటీ చూసి పేరు పెట్టేయలేం, నరానికి సంబంధించిన గడ్డ అని మాత్రం మనసుకి తడుతుంది. అన్నిటికంటే నాకు నమ్మకం కలిగించేది గడ్డలోకి ఒకవైపు నుంచి నరం వెళ్లడం, ఇంకోవైపు బయటికి రావడం కనపడితే. ఈవిడ విషయంలో పైవైపు, సోయాస్ కండరంలో సన్నటి తోకలా ఒకటి కనపడింది.

ఏళ్ల తరబడి ఉన్న గడ్డల్లో లోపల రక్తం కారుతుంది, నీటి సంచులు ఏర్పడతాయి, సున్నం పేరుకుంటుంది. వీటిని ఏన్షియంట్ ష్వానోమా అంటారు. మందకొడిగా, ఎవరికీ అపకారం చేయకుండా పడి ఉన్న ముసలి గడ్డ ఇది, కానీ స్కాన్‌లో మాత్రం సార్కోమా అనే క్యాన్సర్‌లాగా చిందరవందరగా కనపడుతుంది. పెద్దది, లోపల ఎగుడుదిగుడుగా ఉంది, అమ్మో క్యాన్సరే అనిపిస్తుంది. ఇక్కడే తొందరపాటు మొదలవుతుంది.

ఇక పెట్ స్కాన్ సంగతి. ఇందులో ఎఫ్‌డీజీ అనే, కొంచెం రేడియోధార్మికత ఉన్న చక్కెర లాంటి పదార్థాన్ని రక్తనాళంలోకి ఎక్కిస్తారు. చక్కెరని ఎక్కువగా లాక్కునే కణాలు బొమ్మలో వెలుగుతాయి. చాలా క్యాన్సర్లు అలా వెలుగుతాయి, నిజమే. కానీ చక్కెర తినేది క్యాన్సర్ ఒక్కటే కాదు. టీబీ గడ్డలు వెలుగుతాయి, చీము పట్టిన చోటు వెలుగుతుంది, మన దేశంలో పెట్ చదివే ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే. అలాగే ష్వానోమా కూడా, పూర్తిగా హానిలేనిది కూడా, బాగా వెలగగలదు. రిపోర్టులో ఎస్‌యూవీ అని ఒక అంకె ఉంటుంది, గడ్డ ఎంతగా వెలిగిందో చెప్పే కొలత అది. జనం దాన్ని షుగర్ రిపోర్టు చదివినట్టు చదువుతారు, ఇంత దాటితే క్యాన్సర్ అని. కానీ మామూలు ష్వానోమా అంకె, నరం తొడుగు నుంచి వచ్చే నిజమైన క్యాన్సర్ అంకె ఒకదాన్నొకటి దాటుకుని కలిసిపోతుంటాయి. ఆ అంకె ఒక్కటీ పట్టుకుని తీర్పు చెప్పడం కుదరదు. న్యూరోఫైబ్రోమాటోసిస్-1 అనే, నరాల మీద గడ్డలు వచ్చే జన్యు సమస్య ఉన్నవాళ్లలో పాత గడ్డ ఉన్నట్టుండి పెరిగితే, ఎక్కడ ముక్క తీయాలో చూపించడానికి పెట్ చాలా ఉపయోగం. అంటే దాని విలువ దానికుంది, దాని పని దానితో చేయించుకోవాలి.

మరి స్కాన్‌లో అనుమానించాల్సినవి లేవా అంటే ఉన్నాయి. కొన్ని నెలల్లోనే పెరిగిపోవడం, అంచులు చెదిరిపోవడం, చుట్టూ వాపు, పక్క ఎముకనో అవయవాన్నో తినేయడం, పడుకున్నా తగ్గని నొప్పి. ఇవి ఉంటే నేను కూడా రిపోర్టులో గట్టిగానే రాస్తాను. ఈవిడకి అవేవీ లేవు.

ఈ గడ్డ ఏమేం కావచ్చో మేం రాసుకున్న జాబితాలో ష్వానోమాతోపాటు లైపోసార్కోమా, లియోమయోసార్కోమా, లింఫోమా అనే క్యాన్సర్లు, గాంగ్లియోన్యూరోమా అనే హానిలేని నరం గడ్డ, పారాగాంగ్లియోమా ఉన్నాయి. చివరిదాన్ని మర్చిపోతే ప్రాణం మీదకి వస్తుంది, అందుకే దీని గురించి కాస్త ఆగి చెబుతాను. పారాగాంగ్లియోమా అడ్రినలిన్ లాంటి హార్మోన్లని వదిలే గడ్డ, ఇది కూడా అదే జాగాలో, వెన్నెముక పక్కనే వస్తుంది. అది తెలియక సూది గుచ్చితే హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి బీపీ ఆకాశానికి ఎక్కుతుంది. అందుకే ఇలాంటి చోట ఉన్న గడ్డకి ముక్క తీసే ముందు మెటానెఫ్రిన్ల, అంటే ఆ హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాల, పరీక్ష చేయించాలి, రక్తంలో గానీ, 24 గంటల మూత్రంలో గానీ. బీపీ లేదు కదా, గుండెదడ లేదు కదా, చెమటలు పట్టవు కదా అని వదిలేయకూడదు, ఏ లక్షణాలూ లేకుండా కూడా ఈ గడ్డ ఉంటుంది. ఆ శాంపిల్ పెద్ద ల్యాబుకి వెళ్లి రావాలి, అబ్బాయికి ఆ ఆలస్యం నచ్చలేదు. "రేపే తీసేయండి మేడమ్" అన్నాడు. ససేమిరా అన్నాను. రిజల్ట్ నార్మల్‌గా వచ్చాకే టేబుల్ మీదకి పిలిచాం.

అప్పటికి ఇంకో భయం పట్టుకుంది. సూది గుచ్చితే గడ్డ ఒళ్లంతా పాకుతుందని ఊళ్లో ఎవరో చెప్పారట. ఈ మాట నేను విననిరోజు లేదు. సరైన దారిలో, వీపు వైపు నుంచి, ఒక గొట్టం లాంటి సూది లోపలి నుంచే ముక్కలు తీస్తే అలా జరగడం చాలా చాలా అరుదు, తీయకపోతే జరిగే నష్టం దానికంటే పెద్దదని చెప్పాను. సన్నసూదితో పీల్చే పరీక్ష దీనికి సరిపోదు, కణాలు సరిగా రావు. కోర్ బయాప్సీ, అంటే నిజంగా ముక్కే కావాలి, అదీ నీటి సంచుల్లోంచి కాదు, కాంట్రాస్ట్ తీసుకున్న గట్టి భాగంలోంచి.

ఆవిడని బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మత్తు ఇచ్చి, సిటీ బొమ్మ చూసుకుంటూ సూది దించాం. కండరం దాటేవరకు ఏమీ అనలేదు. గడ్డ పొరకి సూది మొన తగలగానే "కాలు జివ్వుమంది డాక్టరమ్మా, మోకాలి దాకా లాగింది" అన్నారు. మత్తు పనిచేయక వచ్చిన నొప్పి కాదది. నరంలోంచి పుట్టిన గడ్డని ముట్టుకుంటే ఆ నరం వెళ్లే దారంతా జివ్వుమంటుంది. "ఇంకాస్త మత్తిస్తానమ్మా, కదలకండి" అని చెప్పి ఆగి, సూది మొన కొద్దిగా జరిపి ముక్కలు తీశాం. ఏ స్కాన్‌లోనూ కనపడని ఆధారం ఆ ఒక్క మాటలో దొరికింది, దాన్ని ప్రొసీజర్ నోట్సులో కూడా రాశాను, పాథాలజిస్టుకి ఫోన్ చేసి కూడా చెప్పాను.

పాథాలజీలో పొడుగాటి కదురు ఆకారపు కణాలు, వాటి కేంద్రకాలు వరసలు కట్టి ఎదురెదురుగా నిలబడటం కనపడింది. వీటిని వెరోకే బాడీస్ అంటారు, 1910లో వీటిని వర్ణించిన వెరోకే పేరు మీద. ప్రత్యేక రంగు పరీక్షల్లో ష్వాన్ కణాలని పట్టించే ఎస్-100, సోక్స్-10 రెండూ బలంగా పాజిటివ్, వేరే రకం గడ్డల్ని పట్టించే సీడీ-117, డాగ్-1, డెస్మిన్ నెగటివ్. కణాల విభజన దాదాపు లేదు. ష్వానోమా. అబ్బాయి ఫోన్లోనే ఏడ్చేశాడు.

పేరు కరెక్టుగా తెలియడం ఎందుకంత ముఖ్యమో సర్జన్‌ని అడిగితే తెలుస్తుంది. సార్కోమా అయితే గడ్డ చుట్టూ ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని కూడా కలిపి తీయాలి, ఒక్కోసారి కిడ్నీ, సోయాస్ కండరం, నరం కూడా పోతాయి. ష్వానోమాకి అదేమీ అక్కర్లేదు. ఇది నరానికి ఒక పక్కన పెరుగుతుంది, నరం పోగులు చాలావరకు పొర మీద పరుచుకుని ఉంటాయి, కాబట్టి పోగులు లేని చోట పొర చీల్చి లోపలి గడ్డని ఒలిచి తీసేయొచ్చు. పేరు తప్పైతే ఒక మంచి కిడ్నీ, మెట్లెక్కడానికి మోకాలిని నిలబెట్టే నరం రెండూ అనవసరంగా పోతాయి. చిన్నదై, ఏ ఇబ్బందీ పెట్టకపోతే ఆపరేషన్ లేకుండా ఎమ్మారైతో గమనిస్తూ కూడా ఉండొచ్చు. ఈవిడకి మూత్రనాళం నొక్కుకుపోతోంది కాబట్టి ఆపరేషన్ చేశారు. కిడ్నీ దక్కింది, నరం దక్కింది, తొడ ముందు కొన్నాళ్లు మొద్దుబారినట్టు ఉంది.

ఒకటి కంటే ఎక్కువ ష్వానోమాలు ఉన్నా, చిన్న వయసులోనే వచ్చినా, ఇంట్లో ఎవరికైనా చెవి నరం మీద గడ్డ ఉన్నా ఎన్‌ఎఫ్-2 అనే జన్యు సమస్య గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగండి. 2022 నుంచి దీన్ని ఎన్‌ఎఫ్-2 సంబంధిత ష్వానోమాటోసిస్ అని పిలుస్తున్నారు.

ఇలాంటి గడ్డతో ఎక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుని వెళ్లకండి, ప్రతి స్కాన్ సీడీ అడిగి తీసుకుని దాచుకోండి. రెండేళ్ల క్రితం ఇంకే కారణానికో తీసిన సిటీ ఉంటే అది మాకు బంగారం. అప్పుడూ ఈ గడ్డ దాదాపు ఇంతే ఉందని పక్కపక్కన పెట్టి చూపించగలిగితే, పెట్ చెప్పేదానికంటే ఎక్కువే చెప్పగలం.