ఖుబానీ పూసినప్పుడు

తాష్కెంట్‌లో నా పనేమిటని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. పాత బడుల కాగితాలు చదవడమంటే, "దానికి కూడా జీతమిస్తారా?" అంటుంది. ఇస్తారు. చాలదంతే.

ఆ కాగితాల్లో నాకిష్టమైనవి జదీద్ (అంటే కొత్త పద్ధతి) బడులవి. అంతకుముందు పిల్లలు ఏళ్ళ తరబడి వల్లెవేసేవాళ్ళు, అయినా కొత్త పేజీ ఇస్తే చదవలేకపోయేవాళ్ళు. అక్షరానికి శబ్దం చెప్పి నేర్పడమనే పద్ధతిని క్రిమియాలో ఇస్మాయిల్ గస్ప్రిన్‌స్కీ 1884లో మొదలుపెట్టాడు. తాష్కెంట్‌లో మునవ్వర్ ఖారీ 1901లో అలాంటి బడి తెరిచాడు. ఆయన్ని 1931లో సోవియట్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఆయన నేర్పిన లిపి అప్పటికే పోయింది: 1929 నాటికి అరబ్బీ బదులు లాటిన్, 1940లో సిరిలిక్, 1993 చట్టంతో మళ్ళీ లాటిన్.

ఇదంతా కాగితం మీద చదవడం వేరు. నేను అద్దెకుంటున్న ఇంటి బువీ (అంటే నాయనమ్మే) ఓ రాత్రి పాత నోటు పుస్తకం తెచ్చింది. వాళ్ళ నాన్నది. అప్పట్లో అరబ్బీ రాత దొరికితే ముప్పని గోడలో దాచారట. బువీ చదివింది సిరిలిక్‌లో, మనవరాలు లాటిన్‌లో. ఆ ఇంట్లో దాన్ని చదవగలిగేవాళ్ళు లేరు.

నా ఉజ్బెక్ వచ్చీరానిది. కానీ హైదరాబాద్‌లో పక్కింటి ఖాలా నేర్పిన ఉర్దూ అక్షరాలున్నాయి కదా! అచ్చులు సగం ఊహించుకుంటూ కూడబలుక్కున్నాను. అప్పులు, గోధుమల లెక్కలు, ఎవరికో ఇచ్చిన గొర్రె. తర్వాత ఒక పంక్తి: హిజ్రీ 1362, ఖుబానీ పూసినప్పుడు, ఆడపిల్ల.

ఖుబానీ (ఆప్రికాట్) పూసేది మార్చిలో. 1362 అంటే 1943. బువీ పాస్‌పోర్టులో మాత్రం 1942 జనవరి 1 ఉంది.

నాకు నవ్వొచ్చింది. మా నాన్నకూ హెడ్మాస్టరు గారు బళ్ళో వేసేటప్పుడు జూలై 1 రాసేశారు. మా నాయనమ్మ లెక్కలో ఆయన పుట్టింది మొక్కజొన్న కంకులప్పుడు.

బువీ చాలాసేపు మాట్లాడలేదు. నా పియాలాలో సగమే చాయ్ పోసింది. ఇక్కడ నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమన్నట్టు. తర్వాత గొంతు తగ్గించి అంది:

"అయితే పెన్షన్ ఏడాది ముందే తిన్నానన్నమాట. ఈ మాట బయట అనకు."