హెచ్‌ఆర్ రికార్డులతో పీహెచ్‌డీ: నా అనుభవం

ఒక కంపెనీ హెచ్‌ఆర్ (మానవ వనరుల) రికార్డులతో, ఉద్యోగులు మానెయ్యడం మీద నేను పీహెచ్‌డీ చేశాను. పీహెచ్‌డీ ప్రవేశానికీ, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికీ రాసే పరీక్ష యూజీసీ నెట్. దాని దరఖాస్తు నింపేటప్పుడే మొదటి తికమక వస్తుంది. హెచ్‌ఆర్ చదివినవాళ్లకి రెండు సబ్జెక్టు కోడ్‌లు కనబడతాయి. 17 మేనేజ్‌మెంట్. 55లో లేబర్ వెల్ఫేర్, పర్సనల్ మేనేజ్‌మెంట్, ఇండస్ట్రియల్ రిలేషన్స్, హెచ్‌ఆర్‌ఎం (మానవ వనరుల నిర్వహణ) అన్నీ కలిసి ఉంటాయి. 55 తీసుకుంటే కార్మిక చట్టాలు, యూనియన్లు, వేతనాలు, సంక్షేమం లోతుగా చదవాలి. 17 అయితే హెచ్‌ఆర్‌తో పాటు ఫైనాన్సు, మార్కెటింగు, ఆపరేషన్సు, స్టాటిస్టిక్సు కూడా తప్పవు. నాది ఎంబీఏ, చేయాలనుకున్నది డేటా పని, కాబట్టి 17 తీసుకున్నాను. మీరు ఏ డిపార్ట్‌మెంటులో పాఠాలు చెప్పాలనుకుంటున్నారో వాళ్ల పాత నోటిఫికేషన్లు రెండుమూడు తీసి, ‘సంబంధిత సబ్జెక్టు’ అన్నచోట ఏం అడిగారో చదివాకే కోడ్ ఖాయం చేసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీలో హెచ్‌ఆర్‌ఎంకి విడిగా డిపార్ట్‌మెంటు ఉంది. చాలాచోట్ల అది బిజినెస్ మేనేజ్‌మెంట్ కిందే నడుస్తుంది.

పరీక్ష మూడు గంటలు. మొదటి పేపరు 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండోది 100 ప్రశ్నలు, 200 మార్కులు. నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. 2024 జూన్ నుంచి ఫలితం మూడు రకాలుగా వస్తోంది: జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్‌తో సహా అన్నిటికీ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికీ పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత. జేఆర్‌ఎఫ్ లేనివాళ్లకి అడ్మిషన్‌లో నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు ప్రవేశానికి ఏడాదే చెల్లుతాయి. ఏ యూనివర్సిటీ ఎప్పుడు నోటిఫికేషన్ ఇస్తుందో ముందే క్యాలెండర్‌లో రాసుకోకపోతే ఆ ఏడాది ఇట్టే గడిచిపోతుంది.

గైడ్‌ని వెతుక్కునేటప్పుడు ముందు ఖాళీలు అడగాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మించి స్కాలర్లు ఉండకూడదు. ఆ తర్వాత అడగాల్సింది పరిశోధక సలహా కమిటీలో స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు ఎవరుంటారని. మా గైడ్‌గారిది ఇండస్ట్రియల్ రిలేషన్స్. అందుకే స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంటు నుంచి ఒకరిని కమిటీలోకి తీసుకోమని మొదటి సెమిస్టర్‌లోనే అడిగాను. నా మొత్తం ప్రయాణంలో అంతగా పనికొచ్చిన నిర్ణయం ఇంకోటి లేదు. కోర్సువర్కు కనీసం 12, గరిష్ఠంగా 16 క్రెడిట్లు. అందులో పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల పేపరు ఉంటుంది. దాన్ని మొక్కుబడిగా రాసెయ్యకండి, డేటా దగ్గరికి వచ్చేసరికి అదే అక్కరకొస్తుంది.

పీపుల్ అనలిటిక్స్ (ఉద్యోగుల డేటా విశ్లేషణ) అనగానే చాలామంది ఐబీఎం వాళ్లు అందరికీ అందుబాటులో పెట్టిన అట్రిషన్ (ఉద్యోగులు మానెయ్యడం) డేటాతో మొదలుపెడతారు. 1,470 వరుసలు, 35 కాలమ్‌లు. మూడు కాలమ్‌లలో అందరికీ ఒకటే విలువ, ‘స్టాండర్డ్ అవర్స్’ తెరిస్తే పైనుంచి కింది దాకా 80 మాత్రమే. అది కల్పిత డేటా అని తయారుచేసినవాళ్లే చెప్పారు. చేతికి పని నేర్పడానికి బావుంటుంది కానీ, దాని మీద ‘ఉద్యోగులు ఎందుకు మానేస్తారు’ అని థీసిస్ రాస్తే అది మనుషుల గురించి రాసినట్టు కాదు. పైగా అందులో మానేసినవాళ్లు 237 మందే. ఎవరూ మానెయ్యరని కళ్లు మూసుకుని చెప్పినా 83.9 శాతం సరిపోతుంది. ‘మా మోడల్ అక్యూరసీ 85 శాతం’ అని ఎవరైనా చెబితే ఊరికే చెప్పినదానికంటే ఒక్క శాతం మెరుగైందని అర్థం. చూడాల్సినవి వేరే ఉన్నాయి: మోడల్ ‘వెళ్తారు’ అన్నవాళ్లలో నిజంగా వెళ్లింది ఎంతమంది, వెళ్లినవాళ్లలో మోడల్ ముందే గుర్తించింది ఎంతమందిని.

అసలు డేటా కావాలంటే కంపెనీ గడప తొక్కాలి. ప్లాంటూ ఆఫీసూ రెండూ ఉన్న ఒక కంపెనీ ఒప్పుకుంది. మొదటి ఉత్తరం నుంచి సంతకం దాకా ఏడు నెలలు పట్టింది. ఆలస్యానికి సగం కారణం నేనే, ఎందుకంటే ‘హెచ్‌ఆర్ డేటా ఇవ్వండి’ అని రాశాను. అలా రాస్తే ఆ కాగితం లీగల్ డిపార్ట్‌మెంటులో ఆగిపోతుంది. రెండోసారి కావలసిన 19 కాలమ్‌ల పేర్లు, ఒక్కొక్కటీ ఎందుకో ఒక్కో వాక్యం, అక్కర్లేని వాటి జాబితా జతచేశాను. పేరు, ఫోను, ఆధార్, యూఏఎన్ (పీఎఫ్ నంబరు) వద్దు. పుట్టినతేదీ బదులు అయిదేళ్ల వయసు బ్యాండు చాలు. జీతం బదులు గ్రేడు చాలు. ఆ జాబితా చూశాకే ఫైలు కదిలింది.

ఒప్పందంలో రెండు షరతులు తప్పకుండా రాయించుకోవాలి. ఒకటి, ప్రచురణకి ముందు కంపెనీ 30 రోజుల్లో చూసి వ్యాపార రహస్యాలేమైనా ఉంటే తీయించొచ్చు గానీ, ఫలితాల్ని మార్చమనకూడదు. రెండోది ఇంకా ముఖ్యం: ఏ ఉద్యోగి మానేసే అవకాశం ఎంత అన్న వ్యక్తిగత స్కోరు కంపెనీకి ఇవ్వను. ఇది అందరూ అడుగుతారు, మర్యాదగానే అడుగుతారు. ‘మేడమ్, ఎవరు వెళ్లిపోయేలా ఉన్నారో ఆ లిస్టు ఒక్కటీ ఇవ్వండి, ఆపుకుంటాం’ అంటారు. ఆ జాబితాలో పేరున్న మనిషికి ప్రమోషన్ ఆగితే? వెళ్లిపోయేవాడికి ట్రైనింగ్ ఎందుకని పక్కన పెడితే? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకి వెసులుబాటు ఇస్తూనే, ఆ డేటాతో ఫలానా వ్యక్తి మీద నిర్ణయం తీసుకోకూడదన్న షరతు పెట్టింది. నేను చట్టం చూపించి కాదన్నాను. చట్టం లేకపోయినా కాదనేదాన్నే.

ఇక సర్వే. నా ప్రశ్న పనిమీద మనసు లగ్నమవడానికీ, మానెయ్యడానికీ మధ్య సంబంధం గురించి. ఆ లగ్నమవడాన్నే ఎంగేజ్‌మెంట్ అంటారు. దాన్ని కొలవడానికి యూట్రెక్ట్ స్కేలు అనే ప్రశ్నావళి తొమ్మిది ప్రశ్నల రూపం తీసుకున్నాను. వాణిజ్యేతర పరిశోధనకి అది ఉచితం. ప్లాంటులో ఆపరేటర్లకి తెలుగులో ఇవ్వాలి. పద్ధతి ప్రకారం ఒకరు తెలుగు చేస్తారు, ఇంగ్లిషు మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిషు చేస్తారు, రెండు ఇంగ్లిషులూ పోల్చి చూస్తాం. అన్నీ సరిపోయాయి. అయినా ఒక వాక్యం ఘోరంగా తప్పింది. ‘నేను పనిలో మునిగిపోయి ఉంటాను’ అని రాశాం. తిరుగు అనువాదం మూలంతో అక్షరాలా కలిసింది. కానీ మనవాళ్లు ‘పనిలో మునిగిపోయాను’ అంటే ఊపిరాడనంత పని పడిందని. పన్నెండు మంది ఆపరేటర్లని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, చదివి ఏమనిపించిందో చెప్పమంటే, ఏడుగురు ఓవర్‌టైమ్ గురించి మాట్లాడారు. ఆ ఫారం అలాగే పంచి ఉంటే, బాగా అలిసిపోయినవాళ్లంతా బాగా ఇష్టంగా పనిచేస్తున్నట్టు లెక్కలోకి వచ్చేవాళ్లు. దాన్ని ‘పనిచేస్తున్నంతసేపూ నా మనసంతా దానిమీదే ఉంటుంది’ అని మార్చాం. తిరుగు అనువాదం మాటల్ని పరీక్షిస్తుంది. చదివేవాడికి ఏం తోస్తుందో తెలుసుకోవాలంటే అడగాల్సిందే.

జవాబుల స్కేలు 0 నుంచి 6. ‘అరుదుగా’, ‘ఎప్పుడో ఒకసారి’, ‘అప్పుడప్పుడు’ పక్కపక్కన పెడితే ఎవరికీ తేడా తెలియదు. మూలంలోనే ప్రతి మాటకీ లెక్క ఉంది, దాన్నే ముందుకి తెచ్చాం: ఎప్పుడూ లేదు, ఏడాదికి కొన్నిసార్లు లేదా అంతకన్నా తక్కువ, నెలకి ఒకసారి లేదా అంతకన్నా తక్కువ, నెలకి కొన్నిసార్లు, వారానికి ఒకసారి, వారానికి కొన్నిసార్లు, ప్రతిరోజూ.

సర్వే జవాబుల్ని తర్వాత రికార్డులతో కలపాలి కాబట్టి ఫారం మీద కోడ్ ఉంటుంది. అలాంటప్పుడు ‘మీరెవరో ఎవరికీ తెలియదు’ అని రాయడం అబద్ధం. ‘మీ జవాబు గోప్యంగా ఉంటుంది’ అని రాసి, ఎలాగో కూడా అక్కడే చెప్పాం. ఏ ఉద్యోగికి ఏ కోడో హెచ్‌ఆర్ దగ్గర ఉంటుంది, జవాబులు వాళ్లు చూడరు. జవాబులు నా దగ్గర ఉంటాయి, పేర్లు నాకు తెలియవు. కవర్లు అంటించి నాకే ఇవ్వాలి, సూపర్‌వైజర్ చేతికి కాదు. సంస్థాగత నైతిక కమిటీ అనుమతి ఇవన్నీ రాసి ఇచ్చాకే వస్తుంది, దానికి ముందు తీసుకున్న ఒక్క ఫారం కూడా వాడకూడదు. ఇంకో నియమం, పదిమంది కంటే తక్కువున్న టీము అంకెల్ని ఎక్కడా విడిగా చూపించలేదు.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. లెక్కలకి ఆర్ అనే సాఫ్ట్‌వేర్ వాడాను, అది ఉచితం. పైథాన్ వచ్చినవాళ్లు పైథాన్ వాడొచ్చు. థీసిస్‌లు నిలబడేదీ పడిపోయేదీ వేరేచోట.

అట్రిషన్ మీద పనిచేసేవాళ్లందరూ ముందు తేల్చుకోవాల్సింది ‘మానేసిన తేదీ’ అంటే ఏమిటని. రాజీనామా ఇచ్చిన తేదీ వేరు, చివరి పనిరోజు వేరు. 90 రోజుల నోటీసు ఉన్నచోట ఆ రెండింటికీ మూడు నెలల దూరం. మనిషి నిర్ణయం తీసుకున్నది మొదటి తేదీకి దగ్గర, సిస్టమ్‌లో సరిగ్గా ఉండేది రెండోది. చెప్పకుండా రావడం మానేసినవాళ్లకి రాజీనామా తేదీయే ఉండదు. వాళ్ల ఫైళ్లన్నీ నెలాఖరున ఒకేసారి మూసేస్తారు. తేదీలవారీగా గ్రాఫు గీస్తే 30, 31 తేదీల దగ్గర గోపురాలు లేస్తాయి. అవి కనబడితే హాజరు రికార్డు తీసి చివరిసారి పంచ్ చేసిన రోజు తీసుకున్నాను. గ్రూపులోనే ఇంకో కంపెనీకి బదిలీ అయితే ఉద్యోగి నంబరు మారుతుంది, డేటాలో ఒకడు మానేసినట్టూ ఇంకొకడు చేరినట్టూ పడుతుంది. కాంట్రాక్టు గడువు తీరినవాళ్లు, రిటైరైనవాళ్లు, ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లు, మానేసి మళ్లీ చేరినవాళ్లు, వీళ్లలో ఒక్కో గుంపుకీ ఒక్కో నియమం రాసుకోవాలి. నా నియమాలు రెండు పేజీలయ్యాయి. వాటిని విశ్లేషణకి ముందే తేదీ వేసి గైడ్‌గారికి పంపాను. ఫలితం చూశాక నియమం మార్చానన్న అనుమానానికి తావుండకూడదు కదా.

తర్వాత, ఇంకా మానెయ్యనివాళ్ల సంగతి. డేటా తీసుకున్న రోజుకి ఉద్యోగంలో ఉన్నవాళ్లని ‘మానెయ్యలేదు’ అని ఒక గాటన కట్టేస్తే, నిన్న చేరినవాడూ పదిహేనేళ్లుగా ఉన్నవాడూ ఒకటైపోతారు. వాళ్లని తీసేస్తే ఇంకా తప్పు. ఆ రోజు వరకూ ఉన్నారని మాత్రమే మనకి తెలుసు. అందుకే ఎవరు ఎంతకాలం ఉన్నారో లెక్కలోకి తీసుకునే సర్వైవల్ అనాలిసిస్ అవసరం. కాలం గడిచేకొద్దీ ఎంతమంది మిగిలారో చూపించే కప్లాన్-మేయర్ గీతతో మొదలుపెట్టి, ఒక్కో కారణం ప్రభావాన్ని కొలిచే కాక్స్ మోడల్‌కి వెళ్లాను. కాక్స్‌లో ఒక్కో కారణం ప్రభావం కాలం పొడుగునా ఒకే నిష్పత్తిలో ఉందో లేదో పరీక్షించాలి. జీతం గ్రేడు ప్రభావం మొదటి ఏడాదిలో ఒకలా, తర్వాత ఇంకోలా ఉంది, దాన్ని విడగొట్టి చూపించాల్సి వచ్చింది.

మోడల్ మరీ బాగా వస్తే భయపడాలి. నాకు మొదటిసారి వచ్చిన ఫలితం నమ్మశక్యం కానంత బావుంది. కారణం వెతికితే అప్రైజల్ రేటింగు ఖాళీగా ఉన్న వరుసలు. నోటీసులో ఉన్నవాళ్లకి ఎవరూ రేటింగు వెయ్యరు. ‘ఖాళీ అయితే వెళ్తాడు’ అని మోడల్ నేర్చేసుకుంది, వెళ్లడం ముందు జరిగింది, ఖాళీ తర్వాత వచ్చింది. అప్పటినుంచి ఒక గీత గీశాను: మార్చి 31 దాకా తెలిసిన సంగతులే కారణాలు, తర్వాతి 180 రోజుల్లో జరిగినదే ఫలితం. ప్రతి కాలమ్‌కీ అది ఎప్పుడు నింపారో తేదీ అడిగి తీసుకున్నాను. పరీక్షకి డేటాని లాటరీ తీసినట్టు కాకుండా కాలం ప్రకారం విడగొట్టాలి, పాత ఏళ్లతో నేర్పి కొత్త ఏడాది మీద పరీక్షించాలి. మానేసినవాళ్లు తక్కువని కృత్రిమంగా వరుసలు పెంచే పద్ధతులు వాడితే, విడగొట్టిన తర్వాత నేర్పే భాగంలోనే వాడాలి. ముందే పెంచితే పరీక్ష పేపరు లీకైనట్టే.

ప్రచురణ విషయానికొస్తే, 2022 నిబంధనల నుంచి థీసిస్‌కి ముందు పేపర్లు తప్పనిసరన్న దేశవ్యాప్త షరతు పోయింది, కానీ మీ యూనివర్సిటీ ఆర్డినెన్సు విడిగా చూసుకోండి. నమ్మదగిన జర్నళ్లని చూపించే యూజీసీ కేర్ జాబితా కూడా 2025 ఫిబ్రవరిలో రద్దయింది. ఇప్పుడు స్కోపస్, ఏబీడీసీ అనే జర్నళ్ల జాబితాలు చూసుకోవడం, జర్నల్ సంపాదకవర్గాన్ని మనమే పరిశీలించడం తప్ప దారి లేదు. వారంలో అంగీకారం, డబ్బు కడితే ప్రచురణ అనే ఈమెయిళ్లకి జవాబివ్వొద్దు.

సమర్పణకి ముందు పోలిక నివేదిక, అంటే థీసిస్‌లో ఎంత శాతం ఇతరుల రాతలతో కలుస్తోందో చూపించేది. 10 శాతం దాకా ఇబ్బంది లేదు. 10 నుంచి 40 మధ్య వస్తే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. హెచ్‌ఆర్ థీసిస్‌లలో ఈ శాతం పెరిగేది ఎక్కువగా పద్ధతుల అధ్యాయంలో, సర్వే కొలత ఎంత నిలకడగా ఉందో చెప్పే నమ్మకయోగ్యత సూత్రాల వివరణ అందరూ ఒకే మాటల్లో రాస్తారు. నేను ఆ వివరణలు తీసేసి, నా డేటాలో ఆ అంకె ఎందుకు అంత వచ్చిందో రాశాను. అధ్యాయం ఆరు పేజీలు తగ్గింది.

వైవాలో ఎక్కువసేపు నడిచిన చర్చ ఆ రెండు పేజీల నియమాల మీదే. అది ముగిశాక మిగిలినవి చిన్న పనులు: థీసిస్ శోధ్‌గంగకి (థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) చేరడం, ప్లాంటు నోటీసుబోర్డుకి తెలుగులో ఒక్క పేజీ ఫలితాల సారాంశం, ఒప్పందంలో రాసిన తేదీకి నా దగ్గరున్న, కోడ్‌లతో ఉన్న జవాబుల ఫైలూ దాని బ్యాకప్పులూ తుడిచేసి కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం. బ్యాకప్పు మూడుచోట్ల ఉంది, మూడోది ల్యాబ్‌లోని పాత హార్డ్‌డిస్క్‌లో. ఎక్కడెక్కడ కాపీ పెడుతున్నారో మొదటిరోజు నుంచే ఒక కాగితం మీద రాసుకోండి.