240 గజాల ప్లాటు, రెండంగుళాల తేడా: వరంగల్‌లో ఇంటి పర్మిషన్ లెక్కలు

స్థలం గజాల్లో కొంటాం. ఇల్లు అడుగుల్లో గీయించుకుంటాం. మున్సిపాలిటీ రూల్స్ మాత్రం మీటర్లలో ఉంటాయి. హన్మకొండ, వరంగల్, కాజీపేటలో సొంతిల్లు కట్టేవాళ్ల తలనొప్పులు చాలా వరకు ఈ మూడు కొలతల మధ్యే పుడతాయి.

36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న ప్లాటు తీసుకోండి. సరిగ్గా 240 గజాలు. గజానికి 0.836 చదరపు మీటర్ల చొప్పున లెక్కేస్తే 200.7 చదరపు మీటర్లు వస్తుంది. ఆ 0.7 ఉంది చూశారూ, అదే కొంప ముంచేది. 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్ పట్టికలో 100 నుంచి 200 చదరపు మీటర్ల దాకా ఒక వరస, 200 దాటితే ఇంకో వరస. 12 మీటర్ల లోపు రోడ్డు మీద 10 మీటర్ల ఎత్తు కట్టాలంటే మొదటి వరసలో ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. రెండో వరసలో ముందు 2 మీటర్లు, మూడు వైపులా మీటరున్నర. మొదటి లెక్కన ఒక్కో అంతస్తుకు దాదాపు 1,525 చదరపు అడుగులు దక్కుతాయి. రెండో లెక్కన 1,270 దగ్గర ఆగిపోతుంది. అంతస్తుకు ఒక పెద్ద పడకగది పోయినట్టే, మూడంతస్తులకు మూడు.

అందుకే నక్ష గీయించే ముందు టేపు పట్టి స్థలం కొలిపించాలి. డాక్యుమెంట్‌లో 36 అని రాసి ఉన్నా, పక్కవాళ్ల గోడ జరిగిపోయి నేల మీద 35 అడుగుల 10 అంగుళాలే ఉండటం మన కాలనీల్లో మామూలే. 35 అడుగుల 10 అంగుళాలను 60తో గుణిస్తే 239 గజాల లోపే, అంటే 200 చదరపు మీటర్ల లోపే. డాక్యుమెంట్‌కూ నేలకూ తేడా వస్తే ఏది తక్కువో దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అలాగని లేని తేడాను కాగితం మీద సృష్టించొద్దు. తనిఖీకి వచ్చేవాళ్ల చేతిలోనూ టేపే ఉంటుంది.

120 గజాల దగ్గర కూడా ఇదే గీత ఉంది. 120 గజాలంటే 100.3 చదరపు మీటర్లు. 50 నుంచి 100 చదరపు మీటర్ల వరసలో 7 మీటర్ల ఎత్తు దాకా పక్కలా వెనకా ఏమీ వదలక్కర్లేదు, ముందు 1.5 మీటర్లు వదిలితే చాలు. 100 దాటిందా, మూడు వైపులా మీటరు చొప్పున వదలాల్సిందే. 24 అడుగుల వెడల్పు ప్లాటులో రెండు పక్కలా మీటరు పోతే ఇంటికి మిగిలేది 17 అడుగుల 5 అంగుళాలు. మెట్లు లోపలా బయటా అన్న గొడవ మొదలయ్యేది అక్కడే.

ఇక రోడ్డు సంగతి. ప్లాటు కొనేటప్పుడు "25 ఫీట్ల రోడ్డు" అని చెప్పి అమ్ముతారు. 9 మీటర్ల రోడ్డు అడిగే చోట మధ్య గీత నుంచి 4.5 మీటర్లు, అంటే 14 అడుగుల 9 అంగుళాలు రోడ్డుకు వదలాలి. 25 అడుగుల రోడ్డులో సగం పన్నెండున్నరే కాబట్టి మిగతా 2 అడుగుల 3 అంగుళాలు మన స్థలంలోంచి పోతాయి. ముందు వదిలే 1.5 మీటర్లు, అంటే 4 అడుగుల 11 అంగుళాలు, ఆ తర్వాతే మొదలవుతాయి. అంటే ఇప్పుడున్న గేటు గీత నుంచి ఇంటి గోడ 7 అడుగుల 2 అంగుళాలు లోపలికి జరగాలి. 30 × 45 ప్లాటులో ఈ లెక్కలన్నీ వేస్తే పునాది వచ్చేది సుమారు 810 చదరపు అడుగులకు. 150 గజాలు కొన్నాం, వెయ్యి అడుగుల ఇల్లు వస్తుందనుకున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. కానీ ముగ్గు పోసే ముందే తెలియడం మేలు. మాస్టర్ ప్లాన్‌లో మీ ముందు రోడ్డు ఇంకా వెడల్పుగా చూపించి ఉంటే ఆ వెడల్పే లెక్క, కళ్లముందున్న రోడ్డు కాదు.

ఎత్తులోనూ మీటర్ల మోసం ఉంది. 7 మీటర్లంటే 23 అడుగులకు కాస్త తక్కువ. వానలకు నీళ్లొచ్చే కాలనీల్లో, సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేసి ఇళ్లన్నీ గుంతలో పడ్డ చోట, బేస్‌మెంట్ మూడడుగులు లేపుతారు. తప్పు కాదు, చేయాల్సిందే. కానీ మూడడుగుల బేస్‌మెంట్, పదిన్నర అడుగుల చొప్పున రెండంతస్తులు కలిపితే 24 అడుగులు. 7 మీటర్లు దాటిపోయింది. అంతస్తు పదడుగులకు దించితే సరిగ్గా 23 వస్తుంది, అదీ అర అంగుళం ఎక్కువే. కాబట్టి బేస్‌మెంట్ ఎత్తు ముందు తేల్చుకుని, మిగిలిన దాన్ని అంతస్తులకు పంచాలి. జీ ప్లస్ టూ కట్టేవాళ్లకు 10 మీటర్లు, అంటే 32 అడుగుల 9 అంగుళాలు. బేస్‌మెంట్ రెండడుగులు, అంతస్తు పదడుగులు అయితే 32 అడుగులతో బయటపడతారు. మెట్ల గది, నీళ్ల ట్యాంకు ఈ ఎత్తులోకి రావు.

సజ్జలు రెండడుగుల దాకా సెట్‌బ్యాక్‌లోకి, అంటే ఇంటి చుట్టూ వదిలే ఖాళీలోకి, రావచ్చు. బాల్కనీ రాకూడదు. మేస్త్రి "అందరూ తీస్తున్నారు సార్" అంటాడు. నోటీసు మాత్రం మేస్త్రికి రాదు.

ఇప్పుడు పర్మిషన్ ఎలా వస్తుందో చూద్దాం. 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక దారి మారింది. పోర్టల్ పేర్లు మారుతుంటాయి, పద్ధతి ఒకటే. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా ఇల్లయితే అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అక్కడి నుంచి 500 చదరపు మీటర్ల దాకా, 10 మీటర్ల ఎత్తు దాకా నివాస గృహమైతే స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. ఆ పైన స్థలమున్నా, ఎత్తున్నా, ఇల్లు కాక వేరే కట్టడమైనా సింగిల్ విండోలో, అంటే అన్ని శాఖల అనుమతులకు ఒకే దరఖాస్తుతో, వెళ్లాలి. 21 రోజుల గడువు దాటితే అనుమతి వచ్చినట్టే లెక్క.

ముందు గదికి షట్టర్ పెట్టి కిరాణం అద్దెకిద్దామనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. నక్షలో పడకగది అని చూపించి కట్టేటప్పుడు షట్టర్ బిగిస్తే అది నివాస గృహం కింద తీసుకున్న అనుమతికి విరుద్ధం. దుకాణం కావాలంటే మొదటే సింగిల్ విండోలో అడగాలి.

వెంటనే అనుమతి అన్న మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఆ కాగితం అర్థం అధికారి చూసి సరే అన్నాడని కాదు, మీరు సరిగ్గా ఉందని రాసిచ్చారని. అసలు తనిఖీ తర్వాతి 21 రోజుల్లో జరుగుతుంది. రాసిచ్చింది తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, కట్టిన దాన్ని నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి అనుమతి చేతికొచ్చిన మర్నాడే పునాది తవ్వకండి. ఆ మూడు వారాల తనిఖీ పూర్తయ్యాక కాంక్రీటు పోస్తే నష్టమేమీ లేదు.

దరఖాస్తుకు రిజిస్టర్డ్ డాక్యుమెంట్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం), మార్కెట్ విలువ పత్రం, స్థలం ఫోటోలు, లైసెన్సు ఉన్న ఇంజినీరు లేదా ఆర్కిటెక్టు సంతకంతో నక్ష కావాలి. ఇంజినీరును పెట్టుకునేటప్పుడు ఒక్క మాట: పోర్టల్ లాగిన్‌లో మీ ఫోన్ నంబరే పెట్టించండి. తిరస్కరణ, షార్ట్‌ఫాల్ (కాగితాలు తక్కువయ్యాయన్న) మెసేజ్‌లు ఏజెంటు ఫోన్‌కు పోయి మీకు నెలల తరబడి తెలియకపోవడం మామూలుగా జరిగేదే.

వీటికంటే ముందు తేలాల్సింది నేల సంగతి. గ్రేటర్ వరంగల్‌లో 2013లో 42 గ్రామాలు కలిశాయి. అంచున ఉన్న చాలా ప్లాట్లు నిన్నటి దాకా మొక్కజొన్న, పత్తి చేలు. అక్కడ ముందుగా నాలా కన్వర్షన్ ఉందో లేదో చూడాలి. (మన ఊళ్లో నాలా అంటే రెండర్థాలు. ఒకటి వ్యవసాయ భూమిని ఇళ్ల భూమిగా మార్చుకునే కాగితం. రెండోది నయీంనగర్‌లో పారేది. ఇంటికి మొదటిది ఉండాలి, రెండోది దూరంగా ఉండాలి.) ఇప్పుడు ఇది ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో జరుగుతుంది. హైదరాబాద్ బయట ఫీజు భూమి ప్రభుత్వ విలువలో 3 శాతం.

తర్వాత లేఅవుట్. అనుమతి లేని వెంచర్‌లో కొన్న ప్లాటుకు ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు, ఉండాలి. 2020 నాటి పథకం 26-8-2020 నాటికి రిజిస్ట్రేషన్ అయిన ప్లాట్ల కోసం పెట్టింది. వెయ్యి రూపాయలు కట్టిన రసీదును చూపించి "ఎల్ఆర్ఎస్ అయిపోయింది" అని అమ్మేవాళ్లున్నారు. అది దరఖాస్తు రుసుము మాత్రమే. క్రమబద్ధీకరణ రుసుము, లేఅవుట్‌లో వదలాల్సిన ఖాళీ స్థలం కింద ప్లాటు విలువలో 14 శాతం కట్టి, ప్రొసీడింగ్స్ కాగితం చేతికొస్తేనే అయినట్టు. కొనేవాళ్లు ఆ కాగితమే అడగాలి.

మూడోది జోన్. కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ, అందరూ కుడా అనే సంస్థ, మాస్టర్ ప్లాన్ పటంలో సర్వే నంబర్ల వారీగా నివాసం, వాణిజ్యం, పరిశ్రమ, వ్యవసాయం, ఆటస్థలాలు అని రంగులు వేసి ఉంటుంది. నాలా కన్వర్షన్ అయినంత మాత్రాన జోన్ మారదు. ఆ కాగితం రెవెన్యూ శాఖది, ఈ రంగు టౌన్ ప్లానింగ్‌ది. పచ్చ రంగులో, అంటే వ్యవసాయ జోన్‌లో, ఉన్న సర్వే నంబరులో కన్వర్షన్ అయిన ప్లాటుకు ఇంటి అనుమతి రాకపోవడానికి కారణం అదే. బయానా ఇచ్చే ముందే సర్వే నంబరు రాసిచ్చి కుడా నుంచి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకోండి. ఖర్చు స్వల్పం, అది లేక పోయేది లక్షల్లో. జోన్ మార్పించుకోవాలంటే ప్రభుత్వం దాకా వెళ్లాలి, ప్రజల అభ్యంతరాలు పిలవాలి. ఒక్క ఇల్లు కట్టుకునేవాడు పెట్టుకోవాల్సిన పని కాదు.

నీళ్ల దగ్గర స్థలాలకు ఇంకో లెక్క. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు, శిఖం (చెరువు అడుగు) భూములకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల వెడల్పు దాటిన వాగుకు, నాలాకు 9 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 2 మీటర్లు. భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల చుట్టూ ఎండాకాలంలో నీళ్లెక్కడున్నాయో చూసి దూరం కొలిస్తే మోసపోతారు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పటి గీత, అది ఇరిగేషన్ వాళ్ల పటంలో ఉంటుంది. 2020 ఆగస్టు, 2023 జూలై వరదల్లో ఏ కాలనీలు మునిగాయో ఇరుగుపొరుగును అడిగినా ఆ గీత సుమారుగా తెలిసిపోతుంది.

ఖిలా వరంగల్ వాసులకు, వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల వాళ్లకు ఇవన్నీ ఒకెత్తు, పురావస్తు శాఖ ఒకెత్తు. కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం. అక్కడున్న పాత ఇంటికి మరమ్మతు చేయాలన్నా అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లలో జాతీయ కట్టడాల అథారిటీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం)తో కట్టుకోవచ్చు. దరఖాస్తు అధికారి దగ్గర 15 రోజులు, అథారిటీ దగ్గర రెండు నెలలు అని చట్టంలో గడువులున్నాయి కాబట్టి మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి. దూరం గుడి గోడ నుంచి కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి కొలుస్తారు.

కాజీపేటలో రైల్వే హద్దుకు 30 మీటర్ల లోపు కట్టాలంటే రైల్వే ఎన్‌ఓసీ కావాలి. మీద నుంచి కరెంటు తీగలు పోతుంటే 11 కేవీ లైనుకు పక్కగా 1.2 మీటర్లు, 33 కేవీకి 2 మీటర్లు, పైన 3.7 మీటర్లు దూరం ఉండాలి. ఇవాళ జీ ప్లస్ వన్‌కు తీగ దూరంగానే కనిపిస్తుంది, మీద ఇంకో స్లాబు వేసిన రోజు పిట్టగోడకు చేయి చాపితే అందుతుంది.

అనుమతి వచ్చాక 18 నెలల్లో పని మొదలుపెట్టాలి, మూడేళ్లలో ముగించాలి. స్థలం 200 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 7 మీటర్లు దాటినా కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా రాసివ్వాలి. 240 గజాల గీత ఇక్కడా కాటేస్తుంది. ఖర్చు చట్టంలోని పరిమితి దాటిన ఇంటికి కార్మిక సెస్సు కూడా ఉంటుంది.

కట్టేటప్పుడు తేడా వస్తే పక్కల, వెనక సెట్‌బ్యాక్‌లలో 10 శాతం దాకా అపరాధ రుసుముతో సర్దుకోవచ్చు. మీటరు సెట్‌బ్యాక్‌లో 10 శాతమంటే నాలుగంగుళాలు, ప్లాస్టరింగ్ మందంతోనే కొంత పోతుంది. ముందు వైపు అంగుళం కూడా చెల్లదు. ఎప్పటికైనా బీఆర్ఎస్, అంటే అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం, వస్తుందిలే అనే ధైర్యం వద్దు. 2015 నాటి పథకం 28-10-2015 కంటే ముందు కట్టిన వాటికే, అదీ కోర్టులో చిక్కుకుంది. అనుమతి లేని అంతస్తుకు జరిమానాతో కలిపి ఇంటి పన్ను రెట్టింపు దాకా పడుతుంది, అది కట్టినంత మాత్రాన ఆ అంతస్తు సక్రమం అయిపోదు.

పని అయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి, 15 రోజుల్లో ఇవ్వాలి. సెట్‌బ్యాక్‌లో టేపు పెట్టి తీసిన ఫోటోలు, ఇంకుడు గుంత ఫోటో జత చేయండి. గుంతను పూడ్చి టైల్స్ వేసేముందే ఆ ఫోటో తీయించాలి. సర్టిఫికెట్ రాగానే దాన్ని పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ దగ్గర తనఖా విడుదల చేయించుకోండి. ఆ పని మరిచిపోయినవాళ్లకు పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోతే ఈసీలో మున్సిపల్ కమిషనర్ పేరు కనిపిస్తుంది.