మేరీలెబోన్ నుంచి యూస్టన్ దాకా

లండన్‌లో మేరీలెబోన్ స్టేషన్ నుంచి యూస్టన్‌కు నడిచే వెళ్ళాలని ముందే అనుకున్నాను. బేకర్ స్ట్రీట్ దాటి, మైనపు బొమ్మల ప్రదర్శనశాల ముందు బారులు తీరిన జనాన్ని తప్పించుకుంటూ తూర్పుకు సాగితే అరగంట నడక. అస్క్విత్ జేవియర్‌కు 1966లో ఈ కాస్త దూరమే దాటరానిదైంది.

జేవియర్ 1920లో కరీబియన్ దీవి డొమినికాలో పుట్టారు. 1950లలో బ్రిటన్‌కు వలస వచ్చి, రైల్వేలో సామాన్లు మోసే పనితో మొదలుపెట్టి మేరీలెబోన్‌లో గార్డు అయ్యారు. అక్కడ రైళ్ళు తగ్గిపోతున్నాయని యూస్టన్‌లో గార్డు ఉద్యోగానికి దరఖాస్తు చేశారు. జీతమూ ఎక్కువే. కుదరదన్నారు. కారణం ఒంటి రంగు.

ఆ గోడ కట్టినవాళ్ళలో తోటి కార్మికులూ ఉన్నారన్నదే నాకు మింగుడుపడదు. నల్లవారిని గార్డులుగా రానివ్వకూడదని అక్కడి యూనియన్ వాళ్ళకూ యాజమాన్యానికీ మధ్య లోపాయికారీ ఒప్పందం నడిచింది. పోనీ చట్టం ఆదుకుందా? 1965 నాటి జాతి సంబంధాల చట్టం హోటళ్ళలో, బస్సుల్లో, రైళ్ళలో వివక్షను నిషేధించింది గానీ ఉద్యోగాల జోలికి పోలేదు. జేవియర్‌ను యూస్టన్‌లో రైలెక్కకుండా ఆపితే చట్టవిరుద్ధం. అదే రైలుకు పచ్చజెండా ఊపనివ్వకపోతే కాదు! బ్రిటిష్ పాలనలో మన దగ్గరా గార్డు, డ్రైవరు కొలువులు ఎక్కువగా యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకే దక్కేవి కనుక ఈ తర్కం మనకు కొత్తదేమీ కాదు.

సంగతి పత్రికలకెక్కింది. రవాణా మంత్రి బార్బరా కాజిల్ కలగజేసుకున్నారు. యాజమాన్యం దిగివచ్చి, 1966 ఆగస్టు 15న ఆయన్ను యూస్టన్‌లో తొలి నల్లజాతి గార్డుగా చేర్చుకుంది. చంపుతామని ఉత్తరాలు రావడంతో పోలీసు రక్షణతో పనికి రావలసి వచ్చింది. ఉద్యోగాల్లోనూ వివక్ష చెల్లదని చట్టం చెప్పింది 1968లో.

ఇప్పటి యూస్టన్ భవనం కూడా 1968లో తెరిచినదే. అందం తక్కువ, రద్దీ ఎక్కువ. జేవియర్ చేరేనాటికి పాతది పడగొట్టి ఇది కడుతున్నారు. ఆయన పేరిట 2016లో ఇక్కడ ఫలకం పెట్టారు.

అక్కడి నుంచి పక్కనే ఉన్న సెయింట్ పాంక్రాస్‌కు నడిచి చాతమ్ వెళ్ళే రైలెక్కాను. రోచెస్టర్ దగ్గర మెడ్వే నది, కోట కనిపించాయి. జేవియర్ తర్వాతి కాలంలో కాపురమున్నది చాతమ్‌లోనే, 1980లో మరణించారు. శతజయంతి ఏడాది, 2020లో, ఆ స్టేషన్‌లోనూ ఒక ఫలకం పెట్టారు. అది చూశాక, ఊళ్ళోని పాత నౌకా నిర్మాణ కేంద్రం వైపు నడిచాను.