ఒకే పని, మూడు పేర్లు

ఈ ఏడాది తిరుపతిలో మా విభాగం పని చాలావరకు గ్రాంట్ల వెదుకులాటగానే సాగింది. చిత్తూరు పడమటి మండలాల బోరునీటిని పరీక్షించాలన్న ఆలోచన ఒక్కటే అయినా, దానిని పరిశోధనగా చూపితే 2023 చట్టంతో ఏర్పడి పరిశోధనలకు నిధులిచ్చే పాత కేంద్ర సంస్థ సెర్బ్‌ను తనలో కలుపుకున్న అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కూ, గ్రామసేవగా చూపితే సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించవలసిన పెద్ద కంపెనీలకూ రాసుకోవాలి. బోధనకు విడిగా డబ్బు దొరకడమే అన్నిటికన్నా కష్టం. అందుకే విద్యార్థులకు నీటిపరీక్ష నేర్పే ఖర్చును శిక్షణ పేరిట సేవా ప్రతిపాదనలోనే చేర్చాము. బడ్జెట్ పట్టికలో పరికరాల గడి ఇట్టే నిండింది గాని, పలమనేరు నుంచి నమూనాలు తెచ్చే జీపు బాడుగను సమర్థించడానికి ఒక పేరా పట్టింది. ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం ఇవ్వనిదే తరువాతి విడత రాదు కనుక, ఇంకా పైసా మంజూరు కాకపోయినా, రసీదుల ఫైలు తెరిచేశాను.