సెడార్ చెక్కతో బ్లూబర్డ్ గూడు కట్టాను

మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. పెరట్లోకి బ్లూబర్డ్‌లనే చిన్న నీలి పిట్టలు వస్తాయి. వాటి కోసం మొదటి గూడు పెట్టెను ఇంట్లో మిగిలిన పైన్ పలకలతో చేసి, తెల్ల రంగు వేశాను. రెండేళ్లకే కప్పు వంకర తిరిగింది. అడుగు పలక మీద వేలు పెడితే లోపలికి దిగిపోయింది. లోపల తడిసి ముద్దయిన గడ్డి గూడు ఖాళీగా ఉంది. చాలా బాధేసింది.

మళ్లీ చేద్దామని చెక్క కోసం వెళ్తే, షాపులో అతను ట్రీటెడ్ కలప తీసుకోమన్నాడు. కుళ్లదు, నిజమే. కానీ దాన్ని రసాయనాల్లో నానబెడతారు. పిల్లలు దాదాపు మూడు వారాలు ఆ పెట్టెలోనే పెరుగుతాయి, నాకు మనసొప్పలేదు. వెస్టర్న్ రెడ్ సెడార్ తెచ్చాను.

అప్పుడు నాన్న మా దగ్గరే ఉన్నారు. పలక చేతిలోకి తీసుకుని, "ఇంత తేలిగ్గా ఉందేంట్రా, దీనికి చేవ ఉందా?" అన్నారు. టేకు, మద్ది చూసిన చేతులు మరి. ఉంది. ఈ చెట్టు చేవలోనే బూజును ఆపే సహజమైన పదార్థాలు ఉంటాయి. అయితే అంచుల్లో తెల్లగా ఉండే భాగానికి ఆ గుణం లేదు, అందుకే ఎరుపు, గోధుమ రంగు పలకలే ఏరుకున్నాను. వాసన చూసి నాన్న దేవదారు అన్నారు. నిజానికి దేవదారే అసలు సెడార్. ఇది పేరుకే సెడార్, పసిఫిక్ తీరం వైపు పెరిగే వేరే చెట్టు.

కంచెలకు వాడే సన్న పలకలు చవకే, కానీ ముప్పావు అంగుళం మందమున్నవే కొన్నాను. ఇక్కడి జూలై ఎండకు ఆ మందం కావాలి. కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరిగా పెట్టుకోండి. ఈ పొట్టు ఊపిరితిత్తులకు మంచిది కాదు, కొందరికి ఆస్తమా కూడా తెస్తుంది. చెక్క మెత్తన కదా అని అంచు దగ్గర నేరుగా స్క్రూ బిగించబోతే ముందు పలక నిలువునా చీలిపోయింది. రెండోసారి సన్న బెజ్జాలు వేసుకున్నాకే స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు బిగించాను. మామూలు ఇనుమైతే సెడార్ మీద నల్లటి మరకలు పడతాయి.

ద్వారం ఒకటిన్నర అంగుళం. అంతకంటే పెద్దదైతే స్టార్లింగ్‌లనే ఇంకాస్త పెద్ద పిట్టలు దూరతాయి. పలక గరుకు వైపును లోపలికి పెట్టాను, పిల్లలు గోళ్లతో పట్టుకుని పైకి ఎక్కడానికి. పక్క పలక తలుపులా తెరుచుకుంటుంది. రంగు, వార్నిష్ ఏమీ వేయలేదు. ఏడాదికల్లా పెట్టె తనంతట తానే వెండి బూడిద రంగుకు తిరిగింది.

ఇనుప గొట్టానికి బిగించాక ముందుగా వచ్చింది పిచ్చుకలు. నాన్న ముఖం వెలిగిపోయింది. మా ఊళ్లో వసారా చూరుకి వరి కంకుల కుచ్చు కట్టేది ఆయనే. కానీ ఇక్కడి పిచ్చుకలు 1850ల్లో బ్రూక్లిన్‌లో వదిలినవాటి సంతానం, బ్లూబర్డ్ గుడ్లు పగలగొడతాయి, పిల్లల్ని చంపుతాయి. ఇక్కడి సొంత పక్షి కాదు కాబట్టి వాటి గూడు తీసేయడానికి చట్టం అడ్డురాదు. నాన్న ఆ పని ముట్టుకోలేదు. వారం వారం నేనే తీశాను, తీసిన ప్రతిసారీ ఆ కుచ్చు గుర్తొచ్చేది.

ఏప్రిల్లో నాలుగు నీలి గుడ్లు. నాన్న తలుపు సందులోంచి ఒక్కసారి చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశారు.

అది జరిగి అయిదేళ్లు. మొన్న మార్చిలో పాత గడ్డి తీసేసి, అడుగు పలకను వేలితో గట్టిగా నొక్కి చూశాను. దిగలేదు. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే, "చేవ ఉందిరా" అని, వెంటనే "పిట్టలొచ్చాయా?" అని అడిగారు. మగపిట్ట అప్పటికే కప్పు మీద కూర్చుని ఉంది.